పైపు మీది అచ్చు

ఇల్లు కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? వాకిలి తూర్పుకుందా, ఈశాన్యంలో బోరుందా అని. నల్లా తిప్పగానే నీళ్లు దూకితే ఆ సంగతి అంతటితో సరి. నిరుడు ఎండాకాలం మా తమ్ముడు కరీంనగర్‌లో ఒక పాత ఇల్లు చూసి, "అక్కా, నువ్వు గూడ వచ్చి ఒక్కసారి సూడు" అన్నాడు. నేను పోయి చూసింది పైపులనే.

స్లాబు మీద ట్యాంకు నుంచి దిగే పైపును తడిగుడ్డతో తుడిస్తే సన్నటి అక్షరాల వరుస బయటపడింది: కంపెనీ పేరు, సైజు, ఐఎస్‌ఐ ముద్ర, ముద్ర పైన ఒక నెంబరు. ఆ నెంబరే పైపు జాతకం. 4985 అంటే మంచినీళ్లకు చేసిన యూపీవీసీ. 15778 అంటే సీపీవీసీ, వేడినీళ్లకు ఆగుతుంది. 13592 మురుగునీళ్లది, నల్లా లైనులో ఉండనే కూడదు. నీలిగీతల నల్ల పైపుది 4984. మిషన్ భగీరథ పనులప్పుడు ఊళ్లలో చుట్టలు చుట్టలుగా చూశారు కదా, అదే. అచ్చే లేని పైపును మాత్రం నేను నమ్మను.

ఆ ట్యాంకు పైపు 4985దే. కానీ ఎండ తగిలే వైపు తెల్లబారింది. వేలితో రాస్తే సుద్దపొడి అంటింది. వెనకవైపు బూడిదరంగు చెక్కుచెదరలేదు. మన దగ్గర మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఏళ్లకేళ్లు ఆ ఎండలో ఉన్న పీవీసీ పెళుసెక్కుతుంది, నిచ్చెన తగిలినా పగులుతుంది. రంగు వేసినా, గుడ్డ చుట్టినా ఇంకొన్నాళ్లు మన్నేది.

బాత్రూంలో చూసింది ఇంకా బాధ. గీజరు నుంచి వచ్చే పైపు కూడా 4985దే! 45 డిగ్రీలు దాటని నీళ్లకు చేసిన పైపది. గీజరు నీళ్లు 60 కూడా దాటుతాయి. పైపు మెత్తబడి వంగుతుంది, అతుకుల దగ్గర కారుతుంది. చలికాలమంతా గీజరు మీదే ఆధారపడే ఆదిలాబాద్ వాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. గోడలో కారే నీళ్లు పెయింటు పొక్కేదాకా తెలియవు.

పాత పీవీసీలో సీసం సంగతీ ఉంది. పైపు పోసేటప్పుడు వేడికి మాడకుండా సీసపు లవణాలు కలిపేవారు. దానికి హద్దు పెడుతూ 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది. అంతకుముందు కట్టిన ఇంట్లో పొద్దున నల్లా తిప్పగానే వచ్చే నీళ్లు బిందెకు పట్టకండి, కాసేపు పోనిచ్చి పట్టండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీను.

అమెరికాలో ఇల్లు కొనే మన పిల్లలకూ ఒక మాట. 1978 నుంచి 1995 దాకా అక్కడ లక్షల ఇళ్లకు పాలీబ్యూటిలీన్ పైపులు వేశారు. నీళ్లలోని క్లోరిన్‌కు లోపలి నుంచి పెళుసై పగిలాయి. 1995లో కోర్టు ఒప్పందంతో కంపెనీలు 95 కోట్ల డాలర్ల నిధి పెట్టాల్సి వచ్చింది. బూడిదరంగు పైపు మీద పీబీ2110 అని ఉంటే అదే.

మా తమ్ముడు గీజరు లైను, ట్యాంకు లైను మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకొని ఆ ఇల్లే కొన్నాడు. మీరు ఇల్లు చూడబోయేటప్పుడు సంచిలో ఒక టార్చిలైటు, ఒక తడిగుడ్డ పెట్టుకొని పోండి.