ఉప్పుమూట పందెము

గడచిన సంక్రాంతికి ముందు బెజవాడలో మా చిన్నదాని శిశుపాఠశాలలో ఆటల పండుగ జరిగెను. అందరును రెండు మూడేండ్ల పసివారే; వారితోపాటు తల్లిదండ్రులును ఆడవలయును. బంతిని బుట్టలో వేయుట, చేయి పట్టుకొని గీత చేరుట, తుదకు ఉప్పుమూట పందెము.

మేమును బిడ్డను వీపున నెత్తుకొని, కొంగు బిగించి పరుగిడితిమి. గెలువవలెనను పట్టుదల మాదే. బిడ్డకు గీత యననేమో తెలియదు. సగము దూరము పోవుసరికి "అమ్మా, దింపు!" అని పెనుగులాడెను. కోపముతో గద్దించితిమి, అయినను వినదయ్యెను. దింపగానే వెనుకకు పరుగెత్తి, పడి యేడ్చుచున్న యొక పిల్లవాని ప్రక్కన చతికిలబడి, వాని మోకాలి దుమ్ము దులిపెను. మేము సిగ్గుతో తల వంచుకొంటిమి.

1939లో మన దేశమునకు వచ్చి, మదరాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిన మరియా మాంటిసోరిగారు పసివారికి బహుమానము లక్కరలేదనియు, చేసిన పనియందలి తృప్తియే చాలుననియు బోధించిరి. 1955లో కోటేశ్వరమ్మగారు ఆమె పేరనే బెజవాడలో బడి స్థాపించిరి. ఇంత చేరువ నుండియు మే మామాట నానాడు గాని గ్రహింపలేదు.

సోదరీమణులారా! ఉప్పుమూటకు మైదానమేల? ఇంటి వసారా చాలును. గీత గీయకుడు, మూట దిగెద నన్నప్పుడు దింపుడు.