పొద్దును చూసుకుని సాగిన ప్రయాణం

“అక్కా, కిలోమీటర్లు కాదు, పొద్దు లెక్కపెట్టు” అన్నాడు తమ్ముడు ఫోన్లో. వాడుండేది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో. నేను విజయవాడలో భోజనాల బల్ల మీద దక్షిణ దీవి మ్యాపు పరిచి, ఎనిమిది రోజుల్లో చూసి రావలసిన ఊళ్లన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టుకున్నాను. క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్ సుమారు 480 కిలోమీటర్లు. అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ ఇంకో 290. కాగితం మీద చూస్తే అదేమంత దూరం కాదు, హైదరాబాద్ నుంచి తిరుపతికి రాత్రికి రాత్రి వెళ్లిపోయేవాళ్లం.

మన పిల్లలకు బడులు మూసేది ఏప్రిల్ ఆఖరి వారంలో. అప్పుడు ఇక్కడ తారు రోడ్డు మెత్తబడుతుంటే అక్కడ ఆకులు రాలుతుంటాయి. డిసెంబరు, జనవరి నెలల రద్దీ ఉండదు, బండి అద్దె కూడా బాగా తగ్గుతుంది. పగలు మాత్రం చిన్నది. ఏడున్నర అయితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్యలో వెళ్లిపోతాడు. ఏడు మీటర్ల పొడవున్న ఇల్లులాంటి బండిని తెలియని కొండదారిలో చీకట్లో తోలడం వేరే సంగతి. తమ్ముడి మాట విని మిల్‌ఫర్డ్ తీసేశాం, పశ్చిమ తీరం తీసేశాం. రోజుకు మూడు గంటలకు మించి బండి నడపకూడదని, నాలుగున్నరకల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోవాలని మా ఆయన నియమం పెట్టుకున్నారు. ప్రయాణం మొత్తంలో మాకు ఎక్కువ పనికొచ్చినవి ఈ కొట్టివేతలే.

అమ్మ ఆవకాయ లేకుండా కదలనంది. న్యూజిలాండ్‌లోకి తినే వస్తువు ఏది తీసుకెళ్లినా దిగేముందు ఫారంలో రాయాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడ 400 డాలర్ల జరిమానా. తేనె, పచ్చి కూరలు, తాజా ఆకులు కుదరవు కాబట్టి కరివేపాకు ఇంట్లోనే వదిలేశాం. సీలు తీయని ఆవకాయ సీసా, సాంబారు పొడి, ఇంగువ అన్నీ రాసి చూపించాం. విమానాశ్రయంలో అధికారిణి సీసా మీది చీటీ మొత్తం చదివి, చిరునవ్వుతో తిరిగి అమ్మ చేతిలో పెట్టింది.

దిగిన రోజు ఏప్రిల్ 25. అది అక్కడ ఆన్జాక్ దినం, యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే రోజు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా దుకాణాలు చాలావరకు తెరవరు. సామాను కొనేసరికి రెండయింది. ముందే రాసుకున్న లెక్క ప్రకారం ఆ పూట బయలుదేరకుండా తమ్ముడి ఇంటి ముందే బండి నిలిపి పడుకున్నాం.

బండి గురించి కొంచెం చెప్పాలి. మేమందరం పడుకోగల క్యాంపర్ వ్యాన్, డీజిల్‌తో నడిచేది. అక్కడ డీజిల్ బండ్లకు రోడ్డు పన్ను కిలోమీటర్ల చొప్పున కట్టాలి. ఆ డబ్బు బండి తిరిగి ఇచ్చేటప్పుడు అడుగుతారు, ముందే లెక్కలో వేసుకోవడం మేలు. మనలాగే ఎడమ పక్క నడపడం, మన లైసెన్సు ఇంగ్లీషులో ఉండటం పెద్ద వెసులుబాటు. ఒకే బండి పట్టే వంతెనలు మాత్రం తరచు వస్తాయి. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివాళ్లకు దారి ఇవ్వాలి.

ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడానికి లేదు. 2023లో వచ్చిన చట్టం ప్రకారం, శిబిరాల బయట ఆగి పడుకోవాలంటే బండికి ధ్రువపత్రం ఉండాలి, తన మురుగునీరు తానే మోసుకునే బండికే దాన్ని ఇస్తారు. అందులో టాయిలెట్ బిగించి ఉండాలి, మూడు రోజులకు సరిపడా ఏర్పాట్లుండాలి. అద్దం మీద ఆకుపచ్చ కార్డు కనిపించాలి. ఊరి బయట డంప్ స్టేషన్ దగ్గర టాయిలెట్ పెట్టె లాగి ఖాళీ చేసి, కడిగి, మళ్లీ తోయడం మా ఆయన పని. ఆ దేశంలో చెరువులు, ఏర్లు అంత తేటగా ఉండటానికి వచ్చినవాళ్లందరూ ఈ పని ఓపికగా చేసుకోవడం కూడా ఒక కారణమని నాకు గట్టిగా అనిపించింది.

టెకపో సరస్సు దగ్గరికి మధ్యాహ్నానికే చేరాం. హిమానీనదాలు రాళ్లను నూరితే వచ్చే పిండిలాంటి ధూళి నీళ్లలో తేలుతూ ఉంటుంది. అందుకే ఆ నీళ్ల నీలం రంగు పాలు కలిపినట్టు కనిపిస్తుంది. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి, దాని పక్కన గొర్రెల్ని కాసిన కుక్కలకు కృతజ్ఞతగా నిలిపిన కంచు విగ్రహం ఉన్నాయి. ఈ మైదానాన్ని మెకంజీ దేశం అంటారు. 1855లో వెయ్యి గొర్రెల మందతో పట్టుబడ్డ జేమ్స్ మెకంజీ అనే కాపరి పేరది. దొంగగా శిక్షపడ్డ మనిషి పేరు ఒక సీమకు నిలిచిపోవడం పిల్లలకు భలే నచ్చింది.

ఆరున్నరకే చీకటి పడింది. 2012 నుంచి ఈ ప్రాంతం చీకటి ఆకాశపు రక్షిత ప్రదేశం. వీధి దీపాలను కూడా కిందికి మాత్రమే వెలిగేలా కట్టుదిట్టం చేశారు. డిసెంబరులో వచ్చినవాళ్లు నక్షత్రాల కోసం రాత్రి పది దాటేదాకా కాచుకోవాలి. మా పిల్లలు ఏడింటికే, అన్నం తినకముందే పాలపుంత కింద నిలబడ్డారు. అమ్మ శాలువా తలమీదుగా కప్పుకుని చాలాసేపు వెతికి, “అదుగో అగస్త్యుడు” అంది. మన ఊళ్లో దక్షిణాన కాసేపు కనిపించి దిగిపోయే ఆ చుక్క, టెకపో ఆకాశంలో ఏ రోజూ అస్తమించదు. త్రిశంకు నక్షత్రాలు కూడా అక్కడ ఎత్తున ఉన్నాయి. చిన్నప్పుడు డాబా మీద ఆమె తండ్రి చూపించిన చుక్కల్ని డెబ్భై ఏళ్ల వయసులో, ఇంత దూరం వచ్చి తానే మనవలకు చూపిస్తోంది. నాకు గొంతు పట్టేసింది.

మౌంట్ కుక్ కింద, వైట్ హార్స్ హిల్ శిబిరంలో రెండు రాత్రులు. మావోరీలు ఆవొరాకి అని పిలిచే ఆ శిఖరం ఎత్తు 3,724 మీటర్లు. అక్కడ కరెంటు ప్లగ్గులు లేవు. డీజిల్ హీటరుకు కరెంటు తీగ అక్కర్లేదు గానీ, దాని ఫ్యాను బండిలోని బ్యాటరీ మీద తిరుగుతుంది. బ్యాటరీ నిండాలంటే బండి నడవాలి, లేదా పైకప్పు మీది పలకలకు ఎండ తగలాలి. మేము ఆ రోజంతా కియా పాయింట్ దారిలో నడుస్తూ, ఆ చివర హిమానీనద సరస్సును చూస్తూ గడిపాం. బండి కదల్లేదు, కొండల మధ్య ఎండ తొందరగా పోయింది, ఫోన్లన్నీ ఆ బ్యాటరీకే తగిలించాం. తెల్లవారుజామున మూడింటికి ఫ్యాను ఆగింది.

అమ్మ పిల్లలిద్దరినీ తన రగ్గులోకి లాక్కుంది. తెల్లారి చూస్తే లోపలి అద్దాల మీద మా ఊపిరే చెమ్మగా పట్టి, గడ్డకట్టి ఉంది. దగ్గరగా చూస్తే తమలపాకు ఈనెల్లాంటి గీతలు. వేడినీళ్లు పోస్తే అద్దం పగులుతుందని తమ్ముడు ముందే హెచ్చరించాడు. మా ఆయన పాత ప్లాస్టిక్ కార్డుతో మంచు గీకుతుంటే నేను గ్యాస్ పొయ్యి మీద ఉప్మా తిప్పాను. పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ కొంచెం తెరిచే ఉంచాలి, చలి వేసినా సరే. ఆ తర్వాత ప్రతి రెండో రాత్రీ కరెంటు ఉన్న శిబిరంలోనే దిగాం. శీతకాలం దగ్గర పడ్డాక వెళ్లేవాళ్లు ఈ ఒక్కటీ ముందే బుక్ చేసుకుంటే చాలు, మిగతావి దారిలో సర్దుకుంటాయి.

లిండిస్ కనుమ 971 మీటర్ల ఎత్తు. నీడ పడే మలుపుల్లో రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది, అందుకని పది దాటాక, ఎండ వచ్చాకే ఎక్కాం. అవతల ఆరోటౌన్. 1862లో బంగారం దొరికిన ఏటి ఒడ్డున వలసవాళ్లు నాటిన చెట్లన్నీ పసుపు పచ్చగా వెలుగుతున్నాయి. వీధుల్లో జనం, కాఫీలు, ఫొటోలు. మేము మాత్రం చైనా నుంచి వచ్చిన గని కూలీల చిన్న రాతి గుడిసెల దగ్గర ఎక్కువసేపు ఉన్నాం. మనిషి వంగితే గానీ దూరలేని గుమ్మాలు. ఆ గోడల మధ్య వాళ్లు గడిపిన చలికాలాలు తలుచుకుంటే మా ఒక్క రాత్రి చలి ఏపాటిది?

చివరి రాత్రి తూర్పు తీరంలోని ఓమరూ. కిలో బరువుండే నీలి పెంగ్విన్లు, ప్రపంచంలోకెల్లా చిన్నవి, చీకటి పడ్డాక సముద్రం నుంచి గట్టెక్కుతాయి. ఆకురాలు కాలంలో వాటి సంఖ్య తక్కువే. అయినా పిల్లలు నిద్రకు తూగకముందే కొన్ని గులకరాళ్ల మీద తడబడుతూ ఎక్కి వచ్చాయి. బయటికొచ్చి బండి తీయబోతుంటే అమ్మ ఆపింది. పార్కింగులో బండ్ల కింద అవి దూరుతాయని పిల్లలు బోర్డు చదివి చెప్పారట. టార్చి పట్టుకుని, మోకాలి నొప్పి మరిచిపోయి ఒంగి, నాలుగు చక్రాల చుట్టూ చూసి, “ఏం లేవులే, ఇక తియ్యండి బాబూ” అంది అల్లుడితో.