యంత్రం ఇస్తాం, మనిషిని ఇవ్వం

ఉద్దానంలోని ఒక చిన్న సంఘం ఆరోగ్య గ్రాంటు కోసం నింపిన దరఖాస్తు కథ

ఆ దరఖాస్తు 11 పేజీలు. అంతా ఇంగ్లీషే. నాలుగో పేజీలో ఒక గడి ఉంది: మీ ప్రాంతంలో సమస్యకు మూలకారణమేమిటి? 200 పదాలకు మించకుండా రాయాలి. దరఖాస్తు పెడుతున్న సంఘం పనిచేసేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే జనానికి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి రెండు దశాబ్దాలకు పైగా నిపుణులు వచ్చిపోతూనే ఉన్నారు. నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు. నీటిలోని సిలికా అన్నవారున్నారు, ఎండలో చాకిరీ అన్నవారున్నారు, ఒళ్లునొప్పుల మాత్రలన్నవారూ ఉన్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. దాన్ని 200 పదాల్లో తేల్చే పని నా మీద పడింది.

నేను విలేకరిని. ఉద్దానంపై కథనం కోసం వెళ్లి, పని ముగించుకుని బయల్దేరబోతుంటే సంఘం కార్యదర్శి ఆపారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, ఊరందరికీ మాస్టారే. ‘‘మీరు ఎం.ఏ. చదివారు కదా బాబూ, ఇంగ్లీషు రాస్తారు. ఓ రెండు రోజులు మా దగ్గర కూర్చోండి’’ అన్నారు. రెండు రోజులన్నది మూడు వారాంతాలయింది. జిల్లాలో కర్మాగారం ఉన్న ఒక పెద్ద కంపెనీ ‘ఆరోగ్యం, శ్రేయస్సు’ పేరిట స్థానిక స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిస్తామని ప్రకటించింది. దాని పేరు ఇక్కడ అనవసరం.

ముందు సంఘం చేసే పనేమిటో చెప్పాలి. ఉద్దానంలో డయాలిసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. సోంపేట, పలాస, కవిటి ప్రభుత్వాసుపత్రుల్లో కేంద్రాలున్నాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలిసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ప్రభుత్వం ఏమీ చేయలేదంటే అబద్ధమే అవుతుంది. లేనిదల్లా ఇంటి గడప నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్లే మనిషి. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రానికి అతుక్కుని లేచిన మనిషి బస్సు పట్టుకుని నిలబడి రాలేడు. తోడు వెళ్లే భార్యకో కొడుకుకో ఆ రోజు కూలి పోతుంది. రెండు వారాలు అలా గడిచాక ‘‘ఈసారికి మానేద్దాంలే’’ అనిపిస్తుంది. డయాలిసిస్‌ను అలా మానేస్తూ పోతే ఏమవుతుందో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సంఘానికి ఒక ఆటో ఉంది. దానికో డ్రైవరు. రోగుల వెంట వెళ్లే ఆడవాళ్లు ఇద్దరు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది వాళ్లు రూళ్ల నోటుపుస్తకంలో రాస్తారు, రానివాళ్ల ఇంటికి అదే సాయంత్రం వెళ్లి అడుగుతారు. నేను వెళ్లేనాటికి జాబితాలో 34 మంది ఉన్నారు. ఆ ఇద్దరిలో పెద్దావిడే సంఘం కోశాధికారి. ఆమె భర్త ఈ జబ్బుతోనే పోయాడు. ‘శ్రేయస్సు’ అంటే ఏమిటని ఆమె అడిగితే, బాగోగులు చూడటమని చెప్పాను. ‘‘ఓస్, మంచీ సెడ్డా సూడటమే కదేటి? అది మేం సేస్తన్నదే’’ అంది. ఎం.ఏ.లో పౌర సమాజం మీద 20 మార్కుల ప్రశ్నకు నేను రాసిన జవాబులో ఇంత స్పష్టత లేదు.

కానీ దరఖాస్తుకు ఆ మాట సరిపోదు. ముందు అర్హత తేలాలి. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషను వీరికుంది, అది తేలిక. ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆపైన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ కావాలి. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్ నంబరు అడుగుతారు. కంపెనీల సొమ్ము తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు తప్పనిసరి, దానిమీద చార్టర్డ్ అకౌంటెంటులాంటివారి ధ్రువీకరణ ఉండాలి. ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. 2021లో కొత్త పన్ను విధానం వచ్చాక 12ఏ, 80జీ కూడా ఒకసారి తీసుకుంటే శాశ్వతమన్న ధీమా పోయింది, ఐదేళ్లకోసారి మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది. 2025లో చిన్న సంస్థల 12ఏ నమోదు గడువును పదేళ్లకు పెంచారు. మాస్టారు ఇవన్నీ చేయించారు. దాదాపు రెండేళ్లు, శ్రీకాకుళానికి లెక్కలేనన్ని తిరుగుళ్లు. ఒక పత్రంలో సంఘం పేరు చివర ‘మ్’, ఇంకో పత్రంలో సున్నా ఉన్నట్టు ఇంగ్లీషు స్పెల్లింగు మారినందుకే నాలుగు నెలలు పోయాయి.

ఇదంతా వేధింపేనని కొట్టిపారేయలేను. దేశంలో స్వచ్ఛంద సంస్థలు 31 లక్షల దాకా ఉన్నాయని, వాటిలో లెక్కలు సమర్పించేవి పదో వంతు కూడా లేవని 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకు తెలిపింది. లెటర్‌హెడ్డు తప్ప మరేమీ లేని సంస్థల్ని నేను వృత్తిలో చాలానే చూశాను. అయితే ఈ జల్లెడ పట్టేది నిజాయితీని కాదు, కాగితాన్ని. ఆడిటరు చేతిలో ఉన్న దొంగ సంస్థ హాయిగా దాటిపోతుంది. నోటుపుస్తకం తప్ప గతి లేని నిజమైన సంఘం చిక్కుకుంటుంది.

కంపెనీ కాకుండా వేరే దారులు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి, పేరుకు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రతి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల నిధిని పెట్టింది. అది ఆటోకు ఒక నెల డీజిలు, అంతకు మించి కొద్దిపాటి మరమ్మతు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది గానీ అది ఉపకేంద్రాల భవనాలు, రోగ నిర్ధారణ సౌకర్యాల వంటి వాటికి. విదేశీ విరాళాలకు అనుమతి కోరాలంటే మూడేళ్లలో 15 లక్షలైనా ఖర్చు చేసి ఉండాలి. ఈ సంఘం ఏడాది ఖర్చు నాలుగు లక్షలు. పెద్ద సంస్థలు తమకు వచ్చిన విదేశీ విరాళాల్లో కొంత మరో సంస్థకు మళ్లించే పద్ధతిని 2020 సవరణ పూర్తిగా మూసేసింది.

ఇక మిగిలింది కంపెనీల చట్టం 135వ సెక్షను. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా ఐదు కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా ఆ సెక్షను చెబుతోంది. వినడానికి బాగుంది. ఉద్దానంలో ఉన్న పరిశ్రమ జీడిపప్పు. పలాసలో ఆడించే చిన్న చిన్న ఫ్యాక్టరీల్లో ఏది ఐదు కోట్ల లాభం చూపుతుంది? జిల్లాలో పెద్ద మందుల కంపెనీలు పైడిభీమవరంలో, అంటే జిల్లాకు ఆ కొసన, ఉద్దానానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. పైగా స్థానిక ప్రాధాన్యం సూచన మాత్రమే, తప్పనిసరి కాదని 2021లో ప్రభుత్వమే వివరణ ఇచ్చింది. పరిశ్రమ లేకపోవడం వల్ల పేదగా ఉన్న ప్రాంతానికి పరిశ్రమల దాతృత్వం కూడా ఆలస్యంగానే చేరుతుంది. సీఎస్ఆర్ సొమ్ము ఎక్కువగా అందుకునే రాష్ట్రం మహారాష్ట్ర కావడంలో ఆశ్చర్యమేముంది?

బడ్జెట్ పేజీ దగ్గర అసలు తంటా వచ్చింది. డ్రైవరుకు నెలకు 12,000, తోడు వెళ్లే ఇద్దరికీ 4,000 చొప్పున. ఏడాదికి 2,40,000. డీజిలు లక్ష, మరమ్మతులు, బీమా, ఫోను, కాగితాలు 60,000. మొత్తం నాలుగు లక్షలు. అందులో 60 శాతం జీతాలు. ‘పరిపాలనా వ్యయం ఐదు శాతం మించరాదు’ అని దరఖాస్తు అడుగున బొద్దు అక్షరాల్లో ఉంది. కంపెనీ ప్రతినిధికి ఫోను చేశాం. చిన్న కుర్రాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. ‘‘సార్, జీతాలు ఓవర్‌హెడ్ కిందికి వస్తాయి. ఆస్తి ఏదైనా అడగండి, వెంటనే అవుతుంది’’ అన్నాడు. డయాలిసిస్ యంత్రమైనా ఇస్తారట.

నాకు అనుమానం వచ్చి 2021 నిబంధనలు తీసి చదివాను. ఆ ఐదు శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చు మీద. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. ఆటో డ్రైవరు జీతం అమలు కాకపోతే ఇంకేమిటి? తమ కోసం పెట్టిన కళ్లేన్ని కంపెనీలు తీసి ఊరి సంఘానికి తగిలిస్తున్నాయి. ఇది ఈ ఒక్క కంపెనీ చేస్తున్న పని కాదు, దరఖాస్తు ఫారాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నట్టుంటాయి. చిన్న సంస్థల్లో పనిచేసేవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ నిర్వచనాన్ని అచ్చు తీసి దగ్గర పెట్టుకోండి.

నిబంధన ప్రతిని జతచేసి దరఖాస్తు పంపాం. మూలకారణం గడిలో ‘తెలియదు’ అని రాసి, మిగతా పదాల్లో తెలిసినది రాశాను: డయాలిసిస్ తప్పితే ఏమవుతుందో. ఫలితాల గడికి మాత్రం నోటుపుస్తకం అక్కరకొచ్చింది. ఆటో మొదలైన తొలి మూడు నెలల్లో రోగులు 61 సార్లు డయాలిసిస్ తప్పారు. దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో తొమ్మిది సార్లు.

నెలన్నర తర్వాత జవాబొచ్చింది. మీ పని మాకు నచ్చింది, ఊళ్లో ఆరు లక్షలతో మంచినీటి ఆర్వో ప్లాంటు పెడతాం అన్నారు. వాళ్ల లెక్క వాళ్లకుంది. ప్లాంటు వల్ల 3,000 మందికి మేలు, తలకు 200 రూపాయలు. ఆటో వల్ల 34 మందికి, తలకు దాదాపు 12,000. వార్షిక నివేదికలో ఏ అంకె బాగుంటుందో చెప్పనక్కర్లేదు. ఊళ్లో ఒక ఆర్వో ప్లాంటు అప్పటికే ఉంది. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీరు తెచ్చే పథకమూ 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

ఆ రాత్రి సంఘం సమావేశం మాస్టారి అరుగు మీద జరిగింది. వచ్చింది కాదనకూడదని, ప్లాంటు తీసుకుంటే అనుభవం కింద చూపుకోవచ్చని, వచ్చే ఏడాది ఇంకోటి అడగొచ్చని కొందరన్నారు. ఆ మాటలో తెలివి ఉంది. ఆటో డ్రైవరు మాత్రం ఏమీ అనలేదు. అతనికి రెండు నెలల జీతం బాకీ. ‘‘ప్లాంటు ఎవల్ని ఎక్కించుకుని ఆస్పత్రికి తోల్తాది మాస్టారూ?’’ అంది కోశాధికారి. ప్లాంటు వద్దని, ఏడాది జీతాలు చాలని మాస్టారు తెలుగులో ఉత్తరం రాశారు. నేను ఇంగ్లీషు చేశాను.

మళ్లీ ఫోనొచ్చింది. ‘‘మీరు చెప్పిన నిబంధన కరెక్టే సార్. మా ఆడిటర్లు ఒప్పుకోరు, అదే ఇబ్బంది’’ అన్నాడు ఆ కుర్రాడు. చివరికి దారి అతనే కనిపెట్టాడు. జీతాలు అన్న పద్దు కొట్టేసి ‘సామాజిక చైతన్య సేవలు’ అని రాయమన్నాడు. రాశాం. ఏడాదికి 2,40,000 మంజూరైంది, మూడు నెలలకో వాయిదా చొప్పున. డీజిలు ఖర్చు ఒక జీడిపప్పు వ్యాపారి భరిస్తున్నాడు. ఆయన ఏ సెక్షను కిందికీ రాడు, ఫొటో కూడా అడగలేదు.

తొలి మూడు నెలల నివేదిక ఫారం నింపడానికి మాస్టారు మళ్లీ నన్ను పిలిచారు. అందులో తప్పనిసరి గడి ఒకటి: గత త్రైమాసికంతో పోలిస్తే లబ్ధిదారుల సంఖ్య తగ్గితే కారణం, సరిదిద్దడానికి తీసుకున్న చర్యలు. జాబితా 34 నుంచి 31కి దిగింది. నేను పెన్ను పట్టుకుని ఆగాను. ఏ మాటైతే వాళ్ల ఆడిటర్లకు నచ్చుతుందా అని ఆలోచిస్తున్నాను. కోశాధికారి నోటుపుస్తకం మూసి నా వైపు చూసింది.

‘‘సచ్చిపోనారని రాయి బాబూ’’ అంది.

అలాగే రాశాను. చర్యల గడిలో, కొత్తగా ఐదుగురి పేర్లు వచ్చాయని, ఆటోలో చోటు చూస్తున్నామని రాశాం.