పందీ, నందీ

మొన్న ఆదివారం తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. మంచీ చెడ్డా అయ్యాక మాట మనవడి మీదికి వెళ్ళింది. వాడు ఎవరి పెళ్ళిలోనో వరసపెట్టి ఐదు గులాబ్‌జాములు తిని రాత్రంతా కడుపు పట్టుకుని ఏడ్చాడట. "పందిలా మేశాడే, ఏం చెప్పను!" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "పిన్నీ, పంది అలా తినదు" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయినట్టుంది. అవతల ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పందిని నంది చేస్తావే నువ్వు" అని, పాలు పొంగుతున్నాయంటూ పెట్టేసింది. అప్పట్నుంచీ ఆ మాట నాలో రగులుతూనే ఉంది.

పంది ఎలా తింటుందో నాకు తెలుసు. నిరుడు వేసవిలో నూట ఐదు రోజులపాటు మా అమ్మాయి ఒక పందికి రెండు పూటలా మేత కొలిచి పెడుతుంటే పక్కనే నిలబడి చూశాను.

మేముండేది అమెరికాలోని అయోవాలో. మొక్కజొన్న చేలూ సోయా చేలూ ఆకాశం అంచు దాకా పరుచుకున్న రాష్ట్రం. మనిషికి ఏడు పందుల లెక్కన ఉంటాయిక్కడ. వాటిలో చాలా భాగం పొడవాటి షెడ్లలోనే పుట్టి పెరుగుతాయి, దారిన పోయేవాళ్ళ కంటపడవు. కానీ ఎండాకాలం వచ్చిందంటే కౌంటీ కౌంటీకీ తిరునాళ్ళలాంటి ఫెయిర్ జరుగుతుంది. పిల్లలు తమ చేతులతో పెంచిన దూడనో గొర్రెనో పందినో తీసుకొచ్చి బరిలో నడిపిస్తారు. దీని వెనక ఫోర్-హెచ్ అనే సంఘం ఉంది. 1902లో ఒహాయోలో ఎ.బి. గ్రాహం అనే స్కూళ్ళ సూపరింటెండెంటు పల్లె పిల్లల కోసం పెట్టిన క్లబ్బుతో దీనికి అంకురం పడింది. తల, మనసు, చేతులు, ఆరోగ్యం, ఈ నాలుగు మాటలూ ఇంగ్లీషులో హెచ్‌తోనే మొదలవుతాయి, అందుకే ఆ పేరు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. బళ్ళో స్నేహితురాళ్ళంతా చేరారు, తనూ చేరింది. పందిని పెంచుతానంది. ఊరి చివర మాకున్న రెండెకరాల్లో పాత కొట్టం ఒకటి ఖాళీగా ఉంది. సరేనన్నాం.

ఏప్రిల్ మొదట్లో తెచ్చాం. డ్యూరాక్ జాతి. ఎర్రటి ఒళ్ళు, కళ్ళ మీదికి వాలిన చెవులు. అమ్మిన రైతు దగ్గర భుజాల మీదుగా తెల్లపట్టీ ఉన్న నల్లటి హాంప్‌షైర్ పిల్లలూ, కాళ్ళకి తెల్లమేజోళ్ళు తొడిగినట్టుండే బెర్క్‌షైర్ పిల్లలూ ఉన్నాయి. మా అమ్మాయి కళ్ళు మాత్రం ఆ ఎర్రపిల్లను వదల్లేదు. అచ్చం అనకాపల్లి బెల్లం రంగు. బెల్లం అనే పేరు పెట్టింది. దాని చెవులకి చిన్న చిన్న గాట్లున్నాయి. కుడి చెవి గాట్లు చూస్తే ఏ ఈతదో తెలుస్తుంది, ఎడమ చెవి గాట్లు చూస్తే ఆ ఈతలో ఎన్నో పిల్లో తెలుస్తుంది. ఆ రైతు అందుకోసం పుస్తకమే తెరవలేదు. వేలితో చెవి తడిమి చెప్పేశాడు.

వచ్చిన రోజు బరువు 65 పౌండ్లు. మనకి అలవాటైన లెక్కలో ముప్ఫై కిలోలకి కాస్త తక్కువ. జూలై మధ్యలో బరిలోకి దిగేనాటికి 275 ఉండాలి. చేతిలో 105 రోజులున్నాయి. అంటే రోజుకి రెండు పౌండ్లు పెరగాలి. ఒక పౌండు ఒళ్ళు చేయాలంటే పందికి సుమారు మూడు పౌండ్ల మేత కావాలి. మొదట్లో రోజుకి నాలుగు, చివర్లో ఏడు, సగటున ఆరు. మొక్కజొన్న, సోయా పిండి, ఉప్పు, ఖనిజాలు. చిన్నతనంలో మాంసకృత్తులు ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ తక్కువ. మా అమ్మాయి ప్రతి ఆదివారం తూకం వేసి రికార్డు పుస్తకంలో రాసేది. బరువు ముందుకి పోతుంటే పావు డబ్బా తగ్గించేది, వెనకబడితే కలిపేది. లెక్కల పుస్తకం ముందు ఆవలించే పిల్ల ఈ లెక్క ఒక్క రోజు తప్పలేదు.

బెల్లం తినడం దగ్గరగా కూర్చుని చూడాలి. మూతి చివర ఉండే ఆ గుండ్రటి తడిబిళ్ళతో ముందు మేతను పక్కకి నెడుతుంది, వాసన చూస్తుంది, తర్వాత దవడ ఆడిస్తుంది. మధ్యలో వెళ్ళి నీళ్ళు తాగి వస్తుంది. మళ్ళీ తింటుంది. చాలనిపించాక తొట్టి వైపు చూడదు. తొట్టి నిండా మేత పోసి వదిలేసినా పంది రోజులో చాలాసార్లు కొద్దికొద్దిగా తిని తప్పుకుంటుంది. అదే ఆవో గేదో తాడు తెంచుకుని గింజల మీద పడితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి పశువులున్న ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. మా పిన్నికీ తెలుసు.

శుభ్రం సంగతీ అంతే. చోటు ఇచ్చి చూడండి, పంది పడుకునే మూల వేరు, పేడ వేసే మూల వేరు. తెచ్చిన మొదటి రోజు ఒక మూల కాసిని నీళ్ళు చల్లి తడిపాం, రెండో మూల రంపపు పొట్టు పరిచాం. రెండు రోజుల్లో దానికి అర్థమైపోయింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడక పాడుచేయలేదు. మరి బురదలో పొర్లుతుంది కదా అంటారు. పందికి చెమట పట్టదు. ఎండకి ఒళ్ళు చల్లబరచుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి అదే. నీడా నీళ్ళూ లేని చోట ఉంచి, అది బురద వెతుక్కుంటే అసహ్యించుకున్నాం మనం. వెయ్యేళ్ళనుంచీ ఒక జంతువుకి చేస్తున్న అన్యాయమిది.

ఇదే మనం తిరుమల వెళితే ముందు పుష్కరిణి పక్కన వరాహస్వామికి దణ్ణం పెట్టుకుంటాం, ఆ తర్వాతే వెంకన్న దర్శనం. సింహాచలం కొండ మీద వరాహ నరసింహుణ్ణి చందనంలో చూసుకుంటాం. మన పూర్వుల బంగారు నాణేనికి వరాహమనే పేరు. సంస్కృతంలో పిలిస్తే దణ్ణం, తెలుగులో పిలిస్తే తిట్టు. మా ఊళ్ళో చెరువుకట్ట అవతల ఎరుకలవాళ్ళు పందుల్ని మేపేవాళ్ళు. ఏ పంది ఎప్పుడు ఈనుతుందో, ఏ పిల్ల బతుకుతుందో, ఏ ఆకు పెడితే రోగం తగ్గుతుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఒక్కరోజు కూడా ఊళ్ళోవాళ్ళెవరూ వాళ్ళని అడిగిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడడగాలంటే ఆ కట్టా లేదు, ఆ మనుషులూ లేరు.

మేత గురించి ఇక్కడ అందరూ మాట్లాడతారు. ఏ బస్తా మంచిది, ఎంత శాతం ప్రొటీన్, ఏ పొడి కలిపితే నడుము నిండుతుంది. గంటలు గంటలు మాట్లాడతారు. నీళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నాకు నీళ్ళ మాట వస్తే నోరు ఆగదు. పంది తిన్న మేతకి రెండింతలో మూడింతలో నీళ్ళు తాగుతుంది. ఎండల్లో ఇంకా ఎక్కువ. నీళ్ళు తగ్గితే మేత మానేస్తుంది, మేత మానేస్తే మీ లెక్కలన్నీ నీళ్ళపాలే. కొట్టంలో గోడకి ఇనుప నిపుల్ ఉంటుంది. పంది దాన్ని నోట్లో పెట్టుకుని కొరికితే నీళ్ళొస్తాయి. అది పంది భుజం ఎత్తులో ఉండాలి. పిల్ల పెరిగేకొద్దీ దాన్నీ పైకి జరపాలి. ధార ఎంత వస్తోందో గ్లాసు పట్టి, గడియారం పెట్టి చూడాలి. నిమిషానికి అరలీటరు కన్నా తగ్గితే ఏదో అడ్డుపడిందన్నమాట. మధ్యాహ్నం ఎండకి గొట్టంలో నీళ్ళు కాగిపోతాయి. వేడినీళ్ళు పంది ముట్టదు, అవి వదిలేసి చల్లనివి వచ్చేదాకా ఆగాలి. ఇవన్నీ చిన్న విషయాలు. ఇవే ప్రాణం.

జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం పెళ్ళికని డెమోయిన్ వెళ్ళాం. పక్కింటి కుర్రాడికి మేత అప్పజెప్పాను. నీళ్ళ సంగతి చెప్పలేదు. గోడకి అవే వస్తాయి కదా అనుకున్నాను. శనివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి తొట్టిలో ఉదయం పోసిన మేత పోసినట్టే ఉంది. బెల్లం గోడ పక్కన పక్కకి ఒరిగి రొప్పుతోంది. నిపుల్ నొక్కితే చుక్క రాలేదు. లోపల తుప్పు రేకు ఒకటి అడ్డుపడింది. మా అమ్మాయి బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఈలోపు పశువుల డాక్టరుకి ఫోన్ కలిసింది. ఆయన మొట్టమొదట అన్న మాట, "బకెట్ పెట్టకండి."

మేతలో ఉప్పుంటుంది. నీళ్ళు లేకపోతే ఆ ఉప్పు నెత్తురులో చిక్కబడి మెదడుకెక్కుతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా కడుపునిండా తాగించామా, మెదడు వాచి, కళ్ళు కనపడక గోడలకి కొట్టుకుని, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. కొంచెం కొంచెం ఇవ్వాలి. దాహంతో చచ్చిపోతున్న జీవానికి నీళ్ళు కొలిచి పోయడం కన్నా కష్టమైన పని నేను చేసి ఎరగను. మా అమ్మాయి గ్లాసుతో పోసేది, బెల్లం గుటుక్కున మింగి ఇంకా కావాలని దాని మోకాలిని మూతితో పొడిచేది. "అమ్మా, ఇంకొక్కటి" అనేది అమ్మాయి. "ఆగమ్మా, ఇంకా పావుగంట ఉంది" అనేదాన్ని నేను. తడిగుడ్డతో చెవులూ మెడా తుడుస్తూ తెల్లవార్లూ కొట్టంలోనే కూర్చున్నాం. తెల్లారి ఐదింటికి లేచి నిలబడింది. మెల్లగా నడిచి పేడమూలకి వెళ్ళి ఉచ్చ పోసి వచ్చింది. అంత అవస్థలోనూ పడక తడపలేదు. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. ఆ రోజునుంచీ రికార్డు పుస్తకంలో మేత గడి పక్కన చేత్తో ఇంకో గీత గీసుకుంది. రోజూ రెండుసార్లు అందులో ఒకే మాట: నీళ్ళు చూశాను.

ఫెయిర్ బాగానే జరిగింది. పందికి తాడుండదు. చేతిలో సన్నటి బెత్తం, వెనక జేబులో బ్రష్, అంతే. దవడ పక్కన తాకితే తిరుగుతుంది, డొక్క మీద తాకితే నడుస్తుంది. రోజూ సాయంత్రం అరగంట నడిపించిన పిల్లకి, నడిచిన పందికి మాత్రమే అది సాధ్యం. పంది ఎప్పుడూ జడ్జికీ తనకీ మధ్యనే ఉండాలి, కళ్ళు జడ్జి మీద ఉండాలి. ఛాంపియన్‌కిచ్చే ఊదా రిబ్బను రాలేదు. నీలం రిబ్బను వచ్చింది. చివరి తూకం 271. చివరి రోజు రాత్రి లారీ వచ్చింది. ఇది ఇలాగే ముగుస్తుందని మొదటి రోజే చెప్పాం, తనకీ తెలుసు. లారీ ఎక్కించేముందు దానికి మరోసారి నీళ్ళు పట్టింది.

పందిని నంది చేస్తావే అంది పిన్ని. నందులుండేవి మా ఇంట్లో. అద్దంకి దగ్గర మా అమ్మగారి ఊళ్ళో తాతయ్యకి ఒంగోలు ఎద్దుల జత ఉండేది. కొండలాంటి మూపురం, మోకాళ్ళ దాకా వేలాడే గంగడోలు, కాటుక పెట్టినట్టు నల్లటి కళ్ళంచులు. ఆ జాతి కోడెలే ఓడలెక్కి బ్రెజిల్ వెళితే అక్కడ వాటి సంతానాన్ని నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తున్నారు. శివరాత్రికి మా వైపు జరిగే పశుప్రదర్శనకి నెలరోజుల ముందునుంచీ తాతయ్య వాటికి ఉలవలు ఉడికించి పెట్టేవాడు. వాగులో దించి గడ్డి చుట్టతో రుద్ది రుద్ది కడిగేవాడు. కొమ్ములకి నూనె రాసేవాడు. కానీ నా కళ్ళలో నిలిచిపోయింది కుడితి తొట్టి దగ్గర తాతయ్య. బియ్యం కడుగు, గంజి, తవుడు, తెలగపిండి. అన్నీ పోశాక మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపేవాడు. ఉండలు చిదిపేవాడు. వేడెంతుందో చూసేవాడు. అడుగున ముల్లో మేకో ఉందేమోనని నాలుగు మూలలా తడిమేవాడు. ఆ తర్వాతే పలుపు విప్పేవాడు. "పశువుకి ముందు నీళ్ళమ్మా, తర్వాతే మేత" అనేవాడు.

ఊళ్ళోకి ట్రాక్టర్లొచ్చాక ఒక ఏడాది ఆ జతను అమ్మేశాడు. నాకప్పుడు ఆరేళ్ళు. కొన్నవాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చి తోలుకుపోయారు. తాతయ్య అన్నం తినలేదు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దు వాలింది. పిన్నికప్పటికి పెళ్ళి కాలేదు. రోజూలాగే బియ్యం కడిగిన తపేలా చంకనెత్తుకుని పెరట్లోకి వచ్చి తొట్టిలో పోసింది. పోశాక గానీ గాడి వైపు చూడలేదు. ఖాళీ తపేలా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ చప్పుడికి తాతయ్య లేచి వచ్చాడు. ఏమీ అనలేదు. తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి ముంచి, ఆ నీళ్ళను చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.