దీపాలదిన్నెను గీసిన సైనికుడు

కెమెరా పుట్టని రోజుల్లో యుద్ధం ఎలా జరిగిందో, కోట ఎలా ఉన్నదో దూరాన ఉన్నవారికి తెలియాలంటే, చూసినవాడు గీసి చూపవలసిందే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చేనాటికి కెమెరా ఉన్నది. కాని కదిలే దృశ్యం దానికి చిక్కేది కాదు. అందువల్ల కొందరు సైనికులు తుపాకితోపాటు పెన్సిలు కూడా వెంట ఉంచుకుని, తాము చూసిన పోరాటాలను బొమ్మలు గీశారు.

అంతకు చాలాముందే మన తెలుగునాట ఇటువంటి సైనికుడొకడు తిరిగాడు. ఆయన పేరు కాలిన్ మెకంజీ. స్కాట్లండులోని ఒక దీవిలో పుట్టి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేయడానికి మద్రాసు వచ్చాడు. 1799లో శ్రీరంగపట్టణాన్ని ముట్టడించినప్పుడు, నిజాము పక్షాన వెళ్లిన సేనలో ఇంజనీరుగా ఉన్నాడు. దారులూ, వాగులూ, కోటగోడలూ కొలిచి కాగితం మీదికి ఎక్కించడం ఇంజనీరు పని. యుద్ధం లేనప్పుడు ఆ చెయ్యే గుళ్లనూ, శిల్పాలనూ గీసింది. శాసనాలు చదివి చెప్పడానికి కావలి బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య వంటి తెలుగు పండితులు తోడయ్యారు.

కృష్ణ దక్షిణపు ఒడ్డున, అమరావతిలో, ఒక పెద్ద మట్టిదిబ్బ ఉండేది. ఊరివారు దాన్ని దీపాలదిన్నె అనేవారు. నిజానికది రెండువేల ఏళ్లనాటి బౌద్ధ మహాచైత్యం. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, రాళ్లకోసం దిబ్బను తవ్వారు. అందమైన శిల్పాలు బయటపడ్డాయి. ఆ సంగతి విని మెకంజీ 1798 ప్రాంతంలో వెళ్లి చూశాడు.

1816లో ఆయన మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉన్నది! శిల్పాలెన్నో కొత్త కట్టడాలలోకి వెళ్లిపోయాయి. కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. మెకంజీ ఇక ఆలస్యం చేయలేదు. తన సర్వేయర్లచేత మిగిలిన రాళ్లను ఒక్కొక్కటిగా, కొలతలు తప్పకుండా గీయించాడు. ఏ రాయి ఎక్కడ దొరికిందో తెలిపే పటం కూడా తయారైంది. 1821లో ఆయన చనిపోయాడు.

ఆ బొమ్మలు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అమరావతి శిల్పాలు అమరావతి, చెన్నై, లండను మ్యూజియాలలో ఉన్నాయి. కాని బొమ్మల్లో ఉన్న కొన్ని శిల్పాలు ఎక్కడా లేవు, కాగితం మీదనే మిగిలాయి.

మీరు అమరావతి వెళితే, గుండ్రని చైత్యపు అడుగుభాగమూ, అక్కడక్కడా నిలిచిన రాళ్లూ కనిపిస్తాయి. ఆ ఖాళీలలో ఒకప్పుడు ఏముండేదో చెప్పగలిగేది ఆ సైనికుడు గీయించిన బొమ్మలే.