మొదటి సాయంత్రం నో ప్లాన్స్!

కొత్త ఊళ్ళో దిగిన రోజే అన్నీ చూసేయాలని మనవాళ్ళకి మహా ఆత్రం. నేనూ అంతే. మొదటిసారి జూన్‌లో సియాటిల్ వెళ్ళినప్పుడు స్పేస్ నీడిల్, పైక్ ప్లేస్ మార్కెట్ అంటూ పెద్ద లిస్టే రాసుకున్నా. మధ్యాహ్నం మూడింటికి దిగి, హోటల్లో ఓ అరగంట నడుం వాల్చానా... లేచేసరికి రాత్రి ఒంటిగంట! ఇంటి దగ్గర మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నర. అమ్మ తెల్లవారుజామున మూడున్నర నుంచీ ఫోన్ పక్కనే కూర్చుందట, కాఫీ కూడా తాగకుండా.

అప్పట్నుంచీ నా ప్లాన్ ఇంతే: దిగగానే ఇంటికి ఫోన్, స్నానం, ఆపైన నడక. జూన్‌లో అక్కడ తొమ్మిది దాటితేగానీ పొద్దు గూకదు. ఆ వెలుగులో గ్రీన్ లేక్ చుట్టూ తిరుగుతుంటే నిద్ర దానంతటదే వాయిదా పడుతుంది. ఏదో ఇంత తిని, చీకటి పడ్డాకే పడక.

స్పేస్ నీడిల్ 1962 నుంచీ అక్కడే ఉంది, రేపు చూడొచ్చు. అమ్మని మాత్రం రేపటిదాకా కూర్చోబెట్టకండి.