కాఫీ కొండల నుంచి వచ్చిన జీపు

చిక్కమగళూరు దాటి ముల్లయనగిరి వైపు రోడ్డు ఎక్కుతుంటే తోటల గేట్ల దగ్గర పాత జీపులు ఇంకా కనిపిస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, చెట్ల మానులకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నడుమ నిటారుగా ఎక్కే మట్టి దారులు. ఎరువు బస్తాలనూ, కాఫీ పండ్ల సంచులనూ, కూలీలనూ ఆ దారుల్లో మోసే పని దశాబ్దాలుగా జీపుదే. 17వ శతాబ్దంలో బాబా బుదన్ అనే సూఫీ హజ్ యాత్ర ముగించుకుని వస్తూ యెమెన్ దేశపు మోఖా రేవు నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి ఈ కొండల్లో నాటారని ఇక్కడివారు చెబుతారు. పర్వతశ్రేణికి ఆయన పేరే నిలిచింది. 1,930 మీటర్ల ఎత్తున్న ముల్లయనగిరి ఈ శ్రేణిలోనిదే. కర్ణాటకలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. మేము శిఖరం చూడడానికి వెళ్ళలేదు. జీపు కొనడానికి వెళ్ళాము.

అనంతపురం జిల్లాలోని మా బత్తాయి తోటకు చేరాలంటే ఒక వంక దాటాలి. వంక నిండా ఇసుక, ఆవలి గట్టున రాళ్ళ దారి. గత వర్షాకాలంలో ఒక రాత్రి, తోటలో ఉండే అబ్బాజాన్‌కు జ్వరం ఎక్కువైనప్పుడు ఆటో ఈవలి గట్టునే ఆగిపోయింది. ఆయనను మంచం మీద మోసుకుని ఇసుక దాటించాము. ఊళ్ళోకి వచ్చి ఉండమంటే ఆయన ఒప్పుకోరు. కనుక బండే ఆయన దగ్గరకు వెళ్ళగలగాలి. కొత్త ఫోర్ వీల్ బండి మా తాహతుకు మించినది. వడ్డీ అప్పు జోలికి పోకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. రెండేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము ఒక పాత జీపుకూ, దాని మరమ్మతుకూ సరిపోతుంది. అది చెడ్డదైతే మరొకదానికి సరిపోదు.

జీపు యుద్ధం కోసం పుట్టిన బండి. 1941 నుంచి విల్లీస్ సంస్థ అమెరికా సైన్యానికి వీటిని వేల సంఖ్యలో తయారుచేసి ఇచ్చింది. మన దేశంలో దాని చరిత్ర మరొక సంస్థతో ముడిపడి ఉంది. 1945లో మహీంద్రా సోదరులతో మలిక్ గులాం మొహమ్మద్ కలిసి నెలకొల్పిన ఆ సంస్థ తొలి పేరు ‘మహీంద్రా అండ్ మొహమ్మద్’. విభజన తరువాత గులాం మొహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్ళి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడి సంస్థ ‘మహీంద్రా అండ్ మహీంద్రా’ అయింది. పేరు మారినా రెండు ‘ఎం’ అక్షరాలు అలాగే మిగిలాయి. విల్లీస్ జీపులను ఈ దేశంలో బిగించి అమ్మినది ఆ సంస్థే.

మేము చూడబోయినది 1974లో రిజిస్టరైన సీజే-3బీ, పెట్రోలు బండి. దీని బానెట్ మిగతా విల్లీస్ జీపుల కన్నా ఎత్తుగా ఉంటుంది. గాలిని లోపలికి పీల్చే వాల్వులు ఇంజన్ తల మీద, పొగను వదిలే వాల్వులు పక్క భాగంలో అమర్చడం వల్ల ఇంజన్ ఎత్తు పెరిగింది. దానికోసం బానెట్‌నూ పైకి లేపారు. అందగత్తె అనలేము గాని, దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

అంతకు ముందు వారం మా జిల్లాలోనే ఒక వ్యాపారి ఎర్ర రంగు జీపు చూపించాడు. కొత్త సీట్లు, వెడల్పు టైర్లు, అద్దంలా మెరిసే రంగు. మేము వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంది. చల్లని ఇంజన్ ఎలా స్టార్టవుతుందో చూడనివ్వని బండిని మేము బేరమాడలేదు. చిక్కమగళూరు తోట యజమానికి ఫోన్‌లోనే మనవి చేశాము: మేము వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని. డెబ్బై దాటిన ఆ పెద్దాయన మాట నిలుపుకున్నారు. షెడ్డు తలుపు తీసి ఉర్దూలో అన్న మొదటి మాట ఇది: “మెచ్చుకోవడం తరువాత చేద్దురు గాని, ముందు బండి కింద పడుకుని చూడండి.”

పడుకుని చూశాము. కొండ వర్షాలలో తిరిగిన బండికి అసలు శత్రువు తుప్పు. ఛాసిస్‌కు అంటిన మట్టిని గీకి, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టాము. గట్టి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్న చోట శబ్దం చచ్చుగా వస్తుంది. వెనుక కమాను పట్టీలు బిగించే చోట ఒకవైపు ఆ చచ్చు శబ్దమే వచ్చింది. పెద్దాయన తల ఊపి, రెండో చోటు తానే చూపించారు: డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉండే భాగంలో రేకు చిల్లులు పడింది. అమ్మే వస్తువులో లోపం దాచరాదన్నది మనం చిన్ననాటి నుంచి వింటున్న ధర్మమే. సంతలో ఎదురైనప్పుడు మాత్రం అది కొత్తగా అనిపిస్తుంది.

ఇంజన్ మూడోసారికి అందుకుంది. పొగ నీలంగా లేదు, నూనె పీడనం ముల్లు నిలకడగా నిలిచింది. భయపెట్టింది బ్రేకులు. ఈ తరం జీపులకు నాలుగు చక్రాల బ్రేకులకూ నూనె అందించే గొట్టం మార్గం ఒక్కటే. ఏ ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగూ పోతాయి. పెడల్ రెండుసార్లు తొక్కితే గాని పట్టు దొరకలేదు. హ్యాండ్ బ్రేకును నమ్ముకోవడానికీ లేదు; అది చక్రాలను కాక, వెనుకకు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. నిలిపిన బండి కోసం పెట్టినదే గాని, పరుగెత్తే బండిని ఆపడానికి కాదు. స్టీరింగు అరచేయి వెడల్పున ఖాళీగా తిరిగింది. ఘాట్ మలుపులలో పిల్లలను ఎక్కించుకుని దిగవలసిన బండి ఇది.

ఇవన్నీ లెక్కించి ధర తగ్గించమన్నాము. ఆయన తగ్గించారు, మేము కోరినంత కాదు. పట్టణంలోని మేస్త్రీ షెడ్డుకు బండిని మరో వాహనం మీద ఎక్కించి పంపాము. రంగు గురించి అడిగిన మేస్త్రీకి మా పెద్దబ్బాయి ముఖం చిన్నబుచ్చుకునే జవాబే ఇచ్చాము: రంగు వద్దు. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి. స్టీరింగు కీళ్ళు మార్పు. ఛాసిస్‌లో తిన్న ముక్క కోసి కొత్త ఇనుము అతుకు. ఎలుకలు కొరికిన వైర్ల స్థానంలో కొత్త వైరింగు. సొమ్ము అంతటితో అయిపోయింది.

కాగితాల పని కూడా ఆ వారాల్లోనే నడిచింది. పుస్తకంలోని ఇంజన్, ఛాసిస్ నంబర్లను ఇనుము మీది అంకెలతో పోల్చి, కాగితం పెట్టి పెన్సిల్ ముద్ర తీసుకున్నాము. పాత పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజన్ మార్చి, ఆ సంగతి రిజిస్ట్రేషన్‌లో రాయించని యజమానులు ఎందరో. అటువంటి బండి కొన్నవాడికి రవాణా కార్యాలయంలో దారి మూసుకుపోతుంది. రాష్ట్రం మారుతోంది కనుక ఫారం 28తో నిరభ్యంతర పత్రం, యాజమాన్య మార్పిడికి 29, 30. ఇక్కడ పన్ను మళ్ళీ చెల్లించాలి, ఐదేళ్ళకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు 2021 నిబంధనలలో ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఉంది. కాని అలా నమోదైన బండిని రోజువారీ పనులకు వాడరాదు. మ్యూజియం పెట్టేవారికి అది గౌరవం కావచ్చు, మా వంకకు పనికిరాదు.

మూడు వారాల తరువాత ఫజర్ నమాజు చేసుకుని బయలుదేరాము. కడూరు చేరేసరికి కొండల చల్లదనం వెనుకబడింది. హొసదుర్గ, చిత్రదుర్గ దారిలో గాలిమరలు, నల్లరాతి గుట్టలు, ఎండ. దాదాపు మూడు వందల కిలోమీటర్లు, గంటకు యాభై దాటకుండా వచ్చాము. మొదటి గేరు వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి. తొందరపడితే పళ్ళు కీచుమంటాయి. తారు రోడ్డు మీద ముందు చక్రాల శక్తి లివరును ముట్టుకోవద్దని మేస్త్రీ మరీ మరీ చెప్పాడు. ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగవలసి వచ్చి మలుపులలో షాఫ్టులు మెలిపడతాయట. ఇసుకలో, బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ మెలిక వదులుతుంది. చళ్ళకెరెలో ఒకసారి ఆగి నాలుగు చక్రాలనూ చేతితో తడిమి చూశాము. బ్రేకు నూనె తడి ఎక్కడా లేదు.

వంక దగ్గరకు వచ్చేసరికి అసర్ వేళ. నీరు చీలమండ లోతే. అంతకు మించితే ఏ జీపయినా గట్టున ఆగవలసిందే. చిన్న లివర్లు రెండూ వేసి, మొదటి గేరులో దిగాము. ఇసుక చక్రాలను పట్టుకోబోయింది, ఇంజన్ ఒక్కసారి గొంతు మార్చింది, ముందు చక్రాలు ఆవలి రాళ్ళను అందుకున్నాయి. తోట కంచె దగ్గర నిలబడిన అబ్బాజాన్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, రంగు వెలిసిన బానెట్ మీద చేయి వేసి, “వానకు పైన టార్పాలిన్ ఉందా?” అని అడిగారు. లేదని చెప్పాము. రేపు అనంతపురంలో కుట్టిద్దామని ఆయనే ముందు సీటులో ఎక్కి కూర్చున్నారు.